చల్లగా తగిలిన డిస్కు

ఆగిపోయిన డిస్కు చల్లగా ఉంటుంది. ఈ పనిలోకి వచ్చినప్పుడు మా బాబాయి నాకు నేర్పిన మొదటి పాఠం అది. సర్వరు అనే కంప్యూటరులో సమాచారమంతా దాచే డిస్కులు ఇటుకల్లా ఒకదానిపై ఒకటి అమర్చి ఉంటాయి. తిరిగేది వేడెక్కుతుంది, తిరగనిది వేడెక్కదు. అరచెయ్యి ఆనిస్తే ఏది పనిచేస్తోందో, ఏది పోయిందో తెలిసిపోతుంది. పదకొండేళ్లు ఆ చేతిని నమ్ముకుని పనిచేశాను. ఒక నమ్మకం ప్రతిసారీ నిజమవుతూ వస్తే, అది నమ్మకమన్న సంగతే మరిచిపోతాం.

ఆ చెయ్యి ఒకసారి తప్పింది. రెండు రోజుల తర్వాత నా నోరు తప్పింది. మొదటిదానికి నేను పెద్దగా సిగ్గుపడను.

నేనూ బాబాయీ కంప్యూటర్లు బాగుచేసే చోట్లలో కృత్రిమ కాళ్లు తయారుచేసే కేంద్రం ఒకటి. కింది అంతస్తులో ఎప్పుడూ తడి ప్లాస్టరు వాసన. కాలు పోగొట్టుకున్నవాళ్లు బెంచీ మీద కూర్చుంటే, మిగిలిన భాగం చుట్టూ చేతిస్కానరు తిప్పి, దాని ఆకారాన్ని కంప్యూటరులోకి ఎక్కిస్తారు. ఆ ఆకారం ప్రకారం ఒక మిషను నురుగుదిమ్మను చెక్కుతుంది. ఆ దిమ్మ మీద కొత్తకాలి పైభాగాన్ని, అంటే మిగిలిన కాలు దిగి కూర్చునే గిన్నెలాంటి భాగాన్ని, పోత పోస్తారు. గోరంత తేడా వచ్చినా నడిచేటప్పుడు చర్మం ఒరుసుకుపోతుంది. అందుకని ఎక్కడ నొప్పి, ఎక్కడ ఎముక తగులుతుంది అన్నవన్నీ కొలతల పక్కనే రాసిపెడతారు. అదంతా ఉండేది సర్వరులో. సర్వరు ఉండేది రికార్డుల గది వెనక, ఒకప్పుడు చీపుళ్లు పెట్టుకున్న చిన్న కొట్టులో.

రికార్డుల గది ఫైళ్ళక్కది. ఆమెకు వేరే పేరు ఉండే ఉంటుంది గానీ, డైరెక్టరుగారితో సహా అందరికీ ఆవిడ ఫైళ్ళక్కే. ఇరవై రెండేళ్లుగా ఆ గదిలో ఉంది. కంప్యూటరు రాకముందు కుడికాలి ఫైళ్లకు ఎర్రదారం, ఎడమకాలి ఫైళ్లకు నీలం దారం కట్టేదట. "నా దగ్గర మనిషి తప్పిపోవచ్చు గానీ కాగితం తప్పిపోదు" అనేది. రోజూ సాయంత్రం ఐదుంపావుకు సర్వరులోని రాతలన్నిటినీ వేరే చిన్నడిస్కులోకి కాపీ చేసి, దాన్ని బీరువాలో పెట్టి తాళం వేసి, గోడ కాలెండరులో ఆ తేదీ మీద టిక్కు పెట్టేది. ఆ పని ఆమెకు నేర్పింది నేనే.

ఒక సోమవారం ఉదయం ఆమె ఫోను చేసినప్పుడు నేను మంగలిషాపు కుర్చీలో, ముఖం నిండా నురగతో ఉన్నాను.

"తమ్ముడూ, మన డబ్బా కూస్తోందయ్యా."

"ఎలా కూస్తోందక్కా?"

"ఎలాగేమిటి, వెనక్కి వస్తున్న లారీలాగా. పొద్దున్నుంచీ అదే గోల. మన కాళ్ల మేస్త్రి వచ్చి, 'జరగండి జరగండి, ఎవరో రివర్సు చేస్తున్నారు' అంటూ ఒకటే వేళాకోళం."

నవ్వొచ్చింది. ఫోనుకు నురగ అంటింది. కత్తి పట్టుకున్నాయన కదలొద్దన్నట్టు నాలుక చప్పరించాడు. ఆమె చెప్పిన కూత ఏమిటో నాకు అర్థమైంది.

"రెండు డిస్కులున్నాయి కదక్కా, రెండింటిలోనూ ఒకటే రాత. ఒకటి పడుకుంది. రెండోది మోస్తోంది. కంగారేం లేదు, కొత్తది తెప్పించి మారుస్తాను. కూత ఆగడానికి వెనకున్న చిన్న బొత్తాం నొక్కండి."

"సాయంత్రం కాపీ చెయ్యనా మరి?"

కుర్చీలో నా తల వెనక్కి వాలి ఉంది. మాట త్వరగా ముగిస్తే బాగుండుననిపించింది.

"వద్దులెండి. నేనొచ్చేదాకా ఆపెయ్యండి. ఉన్న ఒక్కదాని మీద బరువు పడుతుంది."

"ఆపెయ్యమంటావా? ఖాయమేనా?"

"ఖాయమక్కా. నేను చెప్తున్నానుగా."

ఈ మాటలన్నీ నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి. నన్ను అడిగిన రోజు కూడా గుర్తున్నాయి, ఆ తర్వాత ప్రతిరోజూ గుర్తున్నాయి. ఈ సంగతి ముందే చెప్పడం అవసరం.

చెప్పిన సలహా కూడా తప్పే. రెండిట్లో ఒకటి పోయినప్పుడు తప్పనిసరిగా చేయవలసిన పని ఆ కాపీ ఒక్కటే. అది నాకు తెలియక కాదు. ఆలోచించి చెప్పి ఉంటే అలా చెప్పేవాణ్ణి కాదు. కానీ నేను ఆలోచించలేదు, ఆలోచించినవాడి గొంతుతో చెప్పాను. నా మాట వినడం ఆమెకు అలవాటు. ఆ అలవాటు చేసింది కూడా నేనే.

కొత్త డిస్కు ఆరు రోజుల్లో వచ్చింది. దాన్ని బల్ల సొరుగులో పెట్టి, ఈ రోజు రేపు అంటూ ఇంకో పదమూడు రోజులు గడిపాను. చిన్న కేంద్రం; ఒక డిస్కు ఎలాగూ నడుస్తోంది; ఫైళ్ళక్క కోప్పడదు. ఈ మూడో కారణం రాస్తుంటే చెయ్యి బరువెక్కుతోంది. కోప్పడనివాళ్ల పనులే మన దగ్గర అట్టడుగున పడి ఉంటాయి.

పంతొమ్మిదో రోజు, శనివారం, బయల్దేరే ముందు ఆమెకు ఫోను చేసి పన్నెండింటికల్లా సర్వరు ఆపేసి ఉంచమన్నాను, నాకు సమయం కలిసొస్తుందని. నేను చేరేసరికి ఒకటీ నలభై. చిన్నకొట్టులో సర్వరు చీకటిగా, నిశ్శబ్దంగా ఉంది.

"పన్నెండింటికే ఆపేశాను తమ్ముడూ, నువ్వు చెప్పినట్టే. ఆపేముందు ఆ దీపాలు..."

"మాకు దీపాలక్కర్లేదక్కా," అని నవ్వి అరచెయ్యి చూపించాను. "ఇదుంది."

"అబ్బో! చెయ్యి చూసి జాతకం చెప్పేవాళ్లను చూశాను గానీ, చెయ్యి పెట్టి చెప్పేవాణ్ణి నిన్నే చూస్తున్నా."

సరైన పద్ధతి వేరే ఉంది. సర్వరు నడుస్తుండగానే ముందు మూత తీసి, ఏ డిస్కు ముందు నారింజ దీపం వెలుగుతోందో చూడాలి. దాని మీది నంబరు కాగితం మీద రాసుకోవాలి. ఆ తర్వాతే ఆపాలి. ఆపేశాక దీపాలుండవు; చూడ్డానికి రెండు డిస్కులూ కవలపిల్లలే. ఇదంతా తెలిసినవాణ్ణి, వేళ్లు లోపలికి పోనిచ్చి తడిమాను. పైది కాస్త గోరువెచ్చగా తగిలింది. కిందది చల్లగా తగిలింది. సర్వరు ఆపి గంటా నలభై నిమిషాలైందనీ, ఈపాటికి రెండూ చల్లారి ఉంటాయనీ, పైదాని పక్కనే కరెంటు పెట్టె ఉంది గనుక దాని వేడి ఇంకా అంటిపెట్టుకుని ఉందనీ నాకు తట్టలేదు. చల్లగా ఉన్నది పోయిన డిస్కు. పిడి నొక్కి కిందదాన్ని లాగాను. దాని చోట కొత్తది తోశాను, టక్కుమని కూర్చుంది.

బయటికి తీసిన డిస్కు కేంద్రం గడప దాటకూడదు. అందులో రోగుల వివరాలుంటాయి గనుక, అక్కడికక్కడే సాక్షి ముందు చిల్లులు పొడవాలని అక్కడి నియమం. నేనూ ఫైళ్ళక్కా దాన్ని పట్టుకుని కాళ్ల మేస్త్రి దగ్గరికి వెళ్లాం. కేంద్రంలో కాళ్లు బిగించేది, సరిచేసేది ఆయనే. డ్రిల్లుమిషను ఆయన బల్ల పక్కనే ఉంటుంది.

"పోయినవాటికి కొత్తవి పెట్టించుకోడానికి వస్తారు నా దగ్గరికి," అన్నాడు మేస్త్రి కళ్లద్దాలు సర్దుకుంటూ. "నువ్వేంటయ్యా, పోయినదానికి చిల్లులు పెట్టించుకోడానికి వచ్చావ్?"

"చచ్చినదాన్ని మళ్లీ చంపడం మా పద్ధతి," అన్నాను.

మూడు చిల్లులు. మెరిసే సన్నటి రజను బల్ల మీద రాలింది. ఫైళ్ళక్క రిజిస్టరులో సంతకం పెట్టింది. పంతొమ్మిది రోజులుగా ఒంటరిగా ఆ కేంద్రాన్నంతా మోసిన డిస్కు అది.

తిరిగి వెళ్లి సర్వరు ఆన్ చేశాను. తెర మీద ఒక ప్రశ్న వచ్చింది: ఇందులో పాత డిస్కు ఒకటి కనబడుతోంది, దాన్నే అసలుదిగా తీసుకోమంటారా? యంత్రాలు ఎప్పుడూ ఏదో ఒకటి అడుగుతూనే ఉంటాయి. అవును అని నొక్కాను. జబ్బుపడ్డ డిస్కు కాసేపు చల్లబడితే కొన్నాళ్లు మళ్లీ తిరగడం కద్దు. అది తిరిగింది. తాను ఆగిపోయిన సోమవారం నాటికి తనకేం తెలుసో అదంతా బుద్ధిగా కొత్తదానికి అప్పజెప్పింది. ఆ పని పూర్తికావడానికి మూడు గంటలు పట్టింది. అన్ని దీపాలూ ఆకుపచ్చగా వెలిగాక నేను వచ్చేశాను.

సోమవారం తొమ్మిదింటికి ఫోను మోగింది.

"తమ్ముడూ," అంది ఫైళ్ళక్క. "ముప్పై ఒక్కమంది లేరు."

వెళ్లాను. సర్వరు తనలో జరిగినదంతా డిస్కుల్లో కాక వేరేచోట ఒక చిట్టాలో రాసుకుంటుంది. అందులో ఒక్క పంక్తి చాలింది: మూడు వారాల క్రితం సోమవారం ఉదయం, పైది ఆగిపోయింది. నేను తీసింది కిందది. ఆ పంక్తి చదవగలిగినవాణ్ణి ఆ భవనంలో నేనొక్కణ్ణే. దాన్ని చెరిపెయ్యడం నాకు క్షణం పని. చెరపలేదు. ఆ తర్వాత చాలా రోజులు, చెరపకపోవడమే నిజాయితీ అని నాకు నేను చెప్పుకున్నాను. ఎవరూ చదవలేని నిజాన్ని అలాగే ఉంచడం దాచడం కంటే ఎంత గొప్పో ఆలోచించలేదు.

డైరెక్టరుగారు మంచి మనిషే, కాకపోతే ఆదుర్దా మనిషి. గదిలో ఆయన, మేస్త్రి, ఫైళ్ళక్క, నేను. బల్ల మీద గోడ నుంచి తీసుకొచ్చిన కాలెండరు. వరసగా ఖాళీ గళ్లు.

"డిస్కు పోయింది, అందులోవి పోయాయి, సరే. యంత్రమన్నాక పోతుంది. అందుకే కదా రోజూ కాపీ పెట్టుకున్నాం! ఎందుకాపారండీ?"

"తమ్ముడే ఆపమన్నాడండీ. ఫోనులో."

ఆమె ఆ మాట నా మీద నేరంగా మోపలేదు. పక్కింటివాళ్లను అడిగి గొడుగు తెచ్చుకున్నానని చెప్పినంత మామూలుగా చెప్పింది. నేను అవునంటాననే ఆమె అనుకుంది. ముగ్గురూ నావైపు చూశారు.

"నేను..." అన్నాను. "అలా ఖచ్చితంగా అన్నట్టు గుర్తు లేదండీ. జాగ్రత్తగా ఉండమని అని ఉంటాను."

ఈ వాక్యం నేను ముందుగా తయారుచేసుకుని వెళ్లలేదు. దాంట్లో ఉన్న నేర్పు నాకు ఇప్పటికీ ఆశ్చర్యం కలిగిస్తుంది. కాదనలేదు, కాదంటే అబద్ధమవుతుంది. గుర్తు లేదన్నాను. గుర్తు లేకపోవడాన్ని ఎవరు పరీక్షించగలరు?

ఫైళ్ళక్క నావైపు తిరిగింది. కోపం లేదు. గదిలో దీపం ఆరితే స్విచ్చు కోసం గోడ తడిమే మనిషి ముఖంలా ఉంది.

"సోమవారం పొద్దున... నేనడిగాను కదా తమ్ముడూ. ఖాయమేనా అని కూడా అడిగాను."

నేను కాలెండరు వైపు చూశాను.

"అయితే నాదే లెండి," అంది ఆమె.

డైరెక్టరుగారు నిట్టూర్చారు. ఆ ముప్పై ఒక్కమందికీ ఫోన్లు చేసి మళ్లీ పిలిపించే పని ఆమెకే అప్పగించారు. అది పూర్తయ్యాక ఆమె ప్లాస్టరు గోదాముకు మారాలి. రికార్డులకు ఎవరినైనా చూద్దామన్నారు. పైగా, ఎవరి చెయ్యీ పడకుండా దానంతట అదే కాపీ అయ్యే ఏర్పాటు చెయ్యమని నాకు పని చెప్పారు. నా తప్పు నాకు పని తెచ్చిపెట్టింది.

బయటికి వస్తుంటే మెట్ల దగ్గర ఆమె నాకు దారి ఇచ్చి, "వెళ్లండి సార్," అంది. అప్పటిదాకా నేను తమ్ముణ్ణి, నువ్వుని.

బాబాయికి చెప్పాను. తను స్క్రూడ్రైవరు కింద పెట్టకుండానే విన్నాడు.

"చెయ్యి పెట్టి చూడమన్నది నేనే. కానీ దీపం చూసి, నంబరు రాసుకుని, ఆ తర్వాత చెయ్యి పెట్టమన్నానురా. మొదటి రెండూ మింగేసి మూడోది నేర్చుకున్నావు."

"ఇప్పుడేం చెయ్యను?"

"ఏం చేస్తావ్? డిస్కు పోయిందని వాళ్లే అంటున్నారు. యంత్రానికి నోరు లేదు, నీకెందుకురా మధ్యలో?" గొంతు తగ్గించి అన్నాడు. "మనది పేరు మీద నడిచే పని. ఒక్కచోట చెయ్యి జారిందంటే పదిచోట్ల గేటు మూస్తారు."

తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకున్నాను. బాబాయి చెప్పాడు గనుక మూసుకున్నానని అనుకోవడం హాయిగా ఉండేది. నిజానికి ఆయన ఏం చెబుతాడో తెలిసే ఆయన్ని అడిగాను.

ఆ రోజుల్లో నన్నొక ఆలోచన వదిలేది కాదు. రెండు డిస్కుల్లో ఒకే రాత ఎందుకు ఉంచుతాం? ఒకటి పోయినా రెండోది సాక్ష్యం చెబుతుందని. ఇద్దరి మధ్య ఫోనులో జరిగిన మాట కూడా అలాగే ఇద్దరిలో రాసి ఉంటుంది, మరెక్కడా ఉండదు. ఒకరు గుర్తు లేదన్నారంటే రెండోవాళ్ల దగ్గర ఉన్నది రాతో, ఊహో తేల్చేవాళ్లుండరు. ఆమె వైపు రాత చెక్కుచెదరలేదు. నావైపుదాన్ని నేనే బయటికి లాగి చిల్లులు పొడిచాను.

తర్వాతి వారం గురువారం, కాపీ ఏర్పాటు చెయ్యడానికి వెళ్లాను. చిన్నకొట్టులో నేల మీద కూర్చుని వైర్లు కలుపుతుంటే, తలుపవతల ఆమె ఫోన్లు చేస్తోంది.

"నమస్కారమండీ, కాళ్ల కేంద్రం నుంచి. మీరు మళ్లీ ఒక్కసారి రావాలండీ, కొలతలకి... లేదండీ, కాలు ఇంకా మొదలుపెట్టలేదు... అవునండీ, తీశారు, పోయాయి. నా పొరపాటేనండీ. నేను కాపీ పెట్టలేదు."

ఒక నంబరు తర్వాత ఇంకో నంబరు. ఎవరో తిట్టినట్టున్నారు, ఆమె చాలాసేపు "అవునండీ, అవునండీ" అంటూ ఉండిపోయింది. ఇంకెవరో, ఫైళ్ళక్క మాటల్ని బట్టి, కుట్టుమిషను తొక్కి బతికే ఆవిడ. మళ్లీ రావాలంటే రెండు బస్సులు మారాలట, రానూపోనూ రెండు రోజులు షాపు మూసెయ్యాలట. "నాకు తెలుసమ్మా," అంది ఫైళ్ళక్క. "మీరే రాసుకోమన్నారు, ఎడమ పక్కన ఎముక తగులుతోందని. అది నాకు గుర్తుంది. మిగతావే..." అక్కడ ఆగింది. "గుర్తుందనే అనుకుంటున్నానమ్మా. వచ్చాక మళ్లీ చూద్దాం. తప్పు నాదే."

నేను ఉన్నంతసేపట్లో 'నా పొరపాటే' అని తొమ్మిదిసార్లు విన్నాను. వైర్లు కలిపే పని అరగంట క్రితమే అయిపోయింది. లేచి ఆ తలుపు తీసే ధైర్యం లేక, ఆమె మధ్యాహ్నం భోజనానికి వెళ్లేదాకా అక్కడే కూర్చున్నాను.

ఆ రోజే చెప్పి ఉండాలి. ఇంకో తొమ్మిది రోజులు పట్టింది. వాయిదా వెయ్యడం నాకు ఒక్క డిస్కుల విషయంలోనే అలవాటు కాదని తెలిసింది.

శనివారం ఉదయం బాబాయితో, "వెళ్లి చెప్పేస్తాను," అన్నాను.

ఆయన నా ముఖం చూశాడు. "మెడలో గంట కట్టుకుని మరీ వెళ్తానంటావు. వెళ్లు. ఆ మెట్లెక్కడం మనకిదే ఆఖరు, అంతే." కోపంగా అన్నాడు గానీ, బండితాళాలు తనే తీసి ఇచ్చాడు.

గోదాము భవనం వెనక, రేకుల కప్పు కింద ఉంది. ఫైళ్ళక్క ప్లాస్టరు బస్తాల మధ్య చిన్న స్టూలు మీద కూర్చుని, ఒక్కో బస్తా మీద వచ్చిన తేదీ మార్కరుతో రాస్తోంది. చీరంచుకు తెల్లటి పొడి అంటుకుని ఉంది.

"కూర్చోండి సార్. కుర్చీ లేదు, బస్తా ఉంది."

నేను నిలబడే చెప్పాను. దీపాలు, చెయ్యి, కిందది, పైది, తెర మీది ప్రశ్న, చిట్టాలోని పంక్తి. ఆమె మార్కరు మూత పెట్టి విన్నది.

"పైది అని చెప్పబోయాను ఆ రోజు," అంది. "ఆపేముందు చూసి పెట్టుకున్నాను. మీరు చెయ్యి చూపించారు."

"అవునక్కా."

"అది సరేలెండి. చెయ్యి అన్నాక తప్పుతుంది. మా మేస్త్రి ఒకసారి కుడికాలికి ఎడమ పాదం బిగించాడు. ఆ మనిషి నాలుగడుగులు వేసి, 'బాబూ, నేనెటు పోతున్నాను?' అన్నాడు." చెప్పింది గానీ నవ్వలేదు. "ఆ రోజు గదిలో గుర్తు లేదన్నారు మీరు. ఫోనులో ఏమన్నారో ఇప్పుడు గుర్తొచ్చిందా?"

"గుర్తుందక్కా."

"ఆ రోజు?"

రేకుల మీద ఏదో పక్షి గోళ్ల చప్పుడు. "ఆ రోజూ గుర్తుంది."

ఆమె తల ఊపింది.

"మా అమ్మకి సరిగ్గా నా వయసులోనే మొదలైంది," అంది. "ముందు చిన్నచిన్నవే. ఎవరో ఏదో చెప్పారనేది; వాళ్లు చెప్పలేదనేవారు. మేం నవ్వేవాళ్లం. చివరికి నేనెవరో కూడా తెలియలేదు." మార్కరును రెండు చేతుల మధ్య దొర్లించింది. "ఆ రోజు ఇంటికెళ్లి మా ఆయన్ని అడిగాను, నాలో ఏమైనా తేడా కనిపిస్తోందా అని. ఆయన నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. అప్పటినుంచీ స్టవ్వు ఆపానో లేదో మూడేసి సార్లు చూస్తున్నా. తాళం వేసి మళ్లీ వెనక్కొస్తున్నా. ప్రతి మాటా అవతలివాళ్లు నిజంగా అన్నదేనా, నేను కల్పించుకున్నదా అని... సోమవారం డాక్టరు దగ్గరికి వెళ్తున్నాను. బుర్రకి పరీక్ష చేస్తారట."

నేను ఆమె కుర్చీ పోగొట్టాననుకున్నాను, పేరు పోగొట్టాననుకున్నాను. మూడు వారాలుగా నా అపరాధాన్ని అన్ని వైపుల నుంచీ తిప్పి చూసుకున్నానని, అదేదో నాకు పూర్తిగా తెలుసునని ఒక అహంకారం కూడా నాలో ఉంది. నేను ఆమె నుంచి తీసుకున్నదేమిటో నాకసలు తెలియనే తెలియదు.

జేబులోంచి కాగితం తీసి ఇచ్చాను. డైరెక్టరుగారికి రాసి తెచ్చిన లేఖ. ఆమె కళ్లద్దాలు పెట్టుకుని నెమ్మదిగా చదివింది.

"'సాంకేతిక పొరపాటు వల్ల'... 'సమాచార లోపం ఏర్పడి'... 'చింతిస్తున్నాము'." కాగితం తిరిగిచ్చింది. "ఇందులో మనుషులెవరూ లేరు సార్. మీరూ లేరు, నేనూ లేను. డిస్కు సంగతి మీ ఇష్టం, రాస్తే రాయండి, లేకపోతే లేదు. నాక్కావలసింది ఆ గదిలో మాట."

కాగితం వెనక్కి తిప్పి, బస్తా మీద ఆనించి, ఆమె మార్కరుతోనే రాశాను. బస్తా మెత్తగా లోపలికి దిగుతుంటే అక్షరాలు వంకరపోయాయి. కాపీ చెయ్యమంటారా అని ఆవిడ అడిగారు. వద్దు, ఆపెయ్యమని నేను చెప్పాను. ఖాయమేనా అని మళ్లీ అడిగారు. ఖాయమన్నాను. మీరు అడిగిన రోజు ఇదంతా నాకు గుర్తుంది. గుర్తు లేదని అబద్ధం చెప్పాను. డిస్కు సంగతి కూడా రాశాను. ముందు ఈ మాటలు రాశాక అది తేలిగ్గానే వచ్చింది.

ఆమె చదివింది. ఒకచోట వేలు పెట్టి, పెదవులు కదుపుతూ మళ్లీ చదివింది. లేచి చీర దులుపుకుంది. "పదండి."

డైరెక్టరుగారు లేఖ చదువుతుంటే ఆయన చెవులు ఎర్రబడ్డాయి. నన్ను అనవలసినవి అన్నారు. ఆ మాటల్లో ఎక్కువైంది ఒక్కటీ లేదు. ఇక మీ సేవలు అక్కర్లేదన్నారు. తర్వాత ఆమె వైపు తిరిగి, బల్ల మీది కాగితాలు సర్దారు.

"అక్కా... సోమవారం నుంచి మీ గదిలోకి వచ్చెయ్యండి."

"సోమవారం నేను సెలవు పెట్టానండీ," అంది ఆమె. "ఇప్పుడు టైము పదకొండేగా. ఇప్పుడే వెళ్తాను. తాళం ఎవరి దగ్గరుంది?"

ఇద్దరం కలిసే బయటికొచ్చాం. వసారాలో, రెండు కర్రల మధ్య ఎవరో కొత్తకాలితో నడక నేర్చుకుంటున్నారు, పక్కన మేస్త్రి వెనక్కి నడుస్తూ, "నేల వైపు కాదు, నా వైపు చూడండి, నేనేం తక్కువ అందగాణ్ణా?" అంటున్నాడు. క్షమించమని అడగాలని నోటిదాకా వచ్చింది. అడిగితే, ఇన్ని చేసి ఇంకో పని కూడా ఆమె మీదే పెట్టినట్టవుతుందనిపించి మింగేశాను.

రికార్డుల గది ముందు తాళం తీస్తూ ఆమె నావైపు తిరగకుండానే అడిగింది.

"అయితే సార్, నాకు బాగానే గుర్తుందన్నమాట."

"అంతా సరిగ్గానే గుర్తుందక్కా. ఒక్క మాట కూడా తేడా లేదు. డాక్టరు దగ్గరికి వెళ్లక్కర్లేదు."

ఆమె తలుపు తోసింది. లోపల మూసి ఉన్న గది వేడి మా ముఖాలకు తగిలింది. గడప మీద ఒక్క క్షణం ఆగి, చెయ్యి చాచి ఫ్యాను స్విచ్చు వేసింది.

"మీరు చెప్పారని మానుకోలేను సార్," అంది. "వెళ్లే వస్తాను."